ఖాలా ఒప్పుకోని లాల్చీ

ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి వచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే తట్టింది, ఖాలాను కొత్త బట్టలో పంపించామని. దుకాణంలో అప్పుడే తాను నుంచి చింపి ఇచ్చిన తెల్లగుడ్డ, ఒక్కసారి కూడా నీళ్ళు చూడనిది. ఆమె బతికి ఉంటే ఆ గుడ్డను చెంపకు రుద్దుకుని, కళ్ళు మూసుకుని, "నడువది" అని అవతల పడేసేది. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. చావు దగ్గర నుంచి వచ్చి పెరట్లో ఒంటరిగా నవ్వి ఏడుస్తున్న నన్ను మా ఆవిడ చూసింది. చూసి, తువ్వాలు చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. రిటైరయ్యాక నేను చేసే పనులకు కారణాలు అడగడం ఆమె ఎప్పుడో మానేసింది.

ఖాలా అసలు పేరు నాకు తెలియదు. మహారాష్ట్ర అంచున ఈ సిరొంచలో మా వీధి వాళ్ళెవరికీ తెలియదనుకుంటాను. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, పెద్దా చిన్నా అందరికీ ఆమె ఖాలాయే. కొడుక్కి బస్టాండు దగ్గర సైకిళ్ళ దుకాణం ఉంది. ఇంట్లో తిండికి లోటు లేదు. ఆమె మాత్రం పొద్దున్నే ఇంటి ముందు అరుగు మీద కూర్చుని పసిపిల్లల బొంతలు కుట్టేది. మా వైపు పుట్టిన బిడ్డకు కొత్త బట్ట చుట్టరు. నిండుగా బతికిన మనుషుల పాత బట్ట చుడతారు. వాళ్ళ ఆయుష్షు, వాళ్ళ గుణం బిడ్డకు వస్తాయంటారు. కొత్త బట్ట గరుకుగా ఉండి ఒళ్ళు గీసుకుంటుందన్నది అసలు కారణం కావచ్చు. జనం తెచ్చిచ్చిన పాత చీరలు, ధోవతులు, లుంగీలు పొరలు పొరలుగా పరిచి ఖాలా బొంత కుట్టేది. ఎవరి బిడ్డకైనా కుట్టేది. వీధిలో వాళ్ళకు కుట్టింది, నది అవతలి నుంచి పుట్టింటికి వచ్చిన వాళ్ళకు కుట్టింది, అడవి ఊళ్ళ నుంచి దవాఖానకు కాన్పుకొచ్చిన గోండు ఆడపిల్లలకు కుట్టింది. ఏమీ అడిగేది కాదు. ఎవరైనా ఇంత చింతపండో ఇప్పపువ్వో తెచ్చిస్తే వద్దనేదీ కాదు.

ఆమె కుట్టు గొప్ప కుట్టని చెబితే కళ్ళు పోతాయి. ఒక మూల మొదలైన వరస రెండో మూలకు చేరుతుందన్న భరోసా లేదు, మధ్యలో ఎటో వెళ్ళిపోయేది. చూపు ఆనేది కాదు. సూదిలో దారం ఎక్కించడం అసలే ఆమె వల్ల కాదు. అందుకని సూదులన్నీ ఒక గుడ్డ ఉండకు గుచ్చి పెట్టుకుని దారిన పోయే వాళ్ళను పిలిచేది.

"జర ఆగు. దారం పెట్టి పో."

పోలీసాయన బండి ఆపి పెట్టేవాడు. బడికి పోయే పిల్లలు పోటీలు పడి పెట్టేవాళ్ళు. పొద్దున్నే తాగి తిరిగే ఒకాయన కూడా ఆగి, వణికే చేతులతో సూదితో కాసేపు పోట్లాడి, ఓడిపోయి, పక్కనున్న వాడికి అందించి వెళ్ళేవాడు. ఆగకుండా పోయే పెద్దమనిషి వీధి మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కణ్ణి నేను.

నా సంగతి కొంచెం చెప్పాలి. జిల్లా పరిషత్ బడుల్లో పనిచేశాను. పెర్మిలిలో, భామ్రాగడ్‌లో, జింగనూర్‌లో, ఇంట్లో తెలుగో గోండీయో మాట్లాడే పిల్లలకు మరాఠీ అక్షరాలు దిద్దించాను. మా తాలూకాలో చిన్నబడి పంతుళ్ళను గురూజీ అంటారు. ఊరంతా గురూజీ అని పిలిచే మనిషి రిటైరయ్యాక గురువును వెతుక్కుంటూ బయల్దేరాడు. ఇంతకాలం బతికింది దేనికోసం, దీని పరమార్థం ఏమిటి అన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. పట్టుకున్నది ప్రశ్నా, పని లేకపోవడమా అని మా ఆవిడ అడిగింది. పట్టించుకోలేదు. ఫోన్‌లో మూడు భాషల ప్రవచనాలు విన్నాను, మూడు భాషల్లోనూ అర్థం కాలేదు. మౌనవ్రతం పట్టాను. మొదటి రోజు మధ్యాహ్నమే వంకాయ కూరలో ఉప్పు తక్కువైందని చెప్పేశాను. ఎక్కడో నాగ్‌పూర్ అవతల ఒక ఆశ్రమంలో శిబిరమంటే వెళ్ళి, కొన్నాళ్ళుండి, అక్కడ అమ్మే తెల్ల లాల్చీ ఒకటి తొడుక్కుని తిరిగొచ్చాను. శిబిరంలో నాకు వచ్చిన మార్పు ఆ లాల్చీ ఒక్కటేనని మా ఇంట్లో అభిప్రాయం.

ఆ లాల్చీకి దండిగా గంజి పెట్టించి, పొద్దున్నే తొడుక్కుని, ప్రాణహిత ఒడ్డుకు ధ్యానానికి వెళ్ళేవాణ్ణి. దారిలో ఖాలా అరుగు. "గురూజీ, జర ఆగు" అనేది. నేను రెండు చేతులూ జోడించి, ఆకాశం వైపు చూపించి, సాగిపోయేవాణ్ణి. దేవుడు అవతల నాకోసం ఎదురుచూస్తున్నాడని అర్థం వచ్చేలా. కొన్నాళ్ళకు ఆ చేతులు జోడించడం కూడా బరువనిపించి, వెనక సందులోంచి పోవడం మొదలుపెట్టాను. అక్కడ బర్రెలు కట్టేస్తారు. ఒక వానపొద్దున బ్రహ్మం గురించి ఆలోచిస్తూ పేడలో కాలేసి మురుగు మోరీలో కూర్చున్నాను. బర్రెలు నెమరేయడం ఆపి చూశాయి.

మర్నాడు మళ్ళీ ఖాలా అరుగు ముందు నుంచే పోక తప్పలేదు. ఆమె నా కాళ్ళ చప్పుడు విని తలెత్తకుండానే అంది. "గురూజీ, ఆ సందుల జారుతది. నువ్వు ఇటెంబడే పో. నేను పిలువ."

అన్నట్టే పిలవడం మానేసింది. నేను అరుగు ముందు నుంచి దర్జాగా వెళ్ళాను. మొదటి రోజు హాయిగా ఉంది. తర్వాత నా ముందు పోయే వాణ్ణి పిలిచి, నా వెనక వచ్చే వాణ్ణి పిలిచి, మధ్యలో నన్ను వదిలేస్తుంటే ఒళ్ళు మండింది. అరుగు దగ్గరికి రాగానే దగ్గడం మొదలుపెట్టాను. చెప్పులు ఈడ్చాను. ఆమె అరుగెక్కబోయిన మేకను అదిలించింది కాని నన్ను పిలవలేదు. చివరికి ఒకనాడు నేనే ఆగి, "ఇటియ్యి ఖాలా సూది" అన్నాను. ఎవరో అప్పుడే దారం పెట్టి పోయారట. ఇంకో సూది ఏదైనా ఉందేమో చూడమని బతిమాలాను. నిజం, బతిమాలాను.

అలా అరుగు అంచున కూర్చోవడం అలవాటైంది. కూర్చున్నాక నాకు కొత్త పిచ్చి పుట్టింది. ఈమె మాట్లాడదు, తొందరపడదు, కళ్ళు సగం మూసుకుని చేతిపనిలో లీనమై ఉంటుంది. నేను ఊళ్ళు పట్టుకు వెతికిన గురువు మా వీధిలోనే ఉందేమో. ఒక పొద్దున ధైర్యం చేసి అడిగేశాను, ఖాలా, మనిషి బతుకుకు అర్థం ఏందని. ఆమె నెమ్మదిగా ఒక వేలు పైకెత్తింది. నా ఒళ్ళు జలదరించింది. ఒక్కడే! అంతా ఒక్కటే! నేను చేతులు జోడించబోతుంటే ఆమె అరుగు పక్కకు వంగి తుపుక్కున ఉమ్మి, మూతి తుడుచుకుంది.

"ఆగమన్న గదా. నోట్ల తంబాకుంది. ఇగ చెప్పు, ఏమడిగినవ్?"

వానలు ఎప్పుడు పడతాయని అడిగాను, ఇంకేం అడగను.

ఎవరైనా బట్ట తెస్తే ఆమె చేసే పని ఒకటే. కొసను పట్టుకుని చెంప మీద రుద్దుకునేది, పైకి కిందికి, కళ్ళు మూసుకుని. తర్వాత "నడుస్తది" అనేది, లేదా "నడువది" అనేది. ఒక నాయకుడి భార్య పట్టుచీర పంపిస్తే, ఉచ్చకు ఆగదని తిప్పి పంపింది. మెత్తగా అరిగిన నేత చీరకు ఆమె ముఖం వెలిగిపోయేది. ఎవరి బట్టో గుర్తు పెట్టుకునేది. అక్షరం రాని మనిషి, చూపు లేని మనిషి, బొంత ఇచ్చేటప్పుడు ఏ పొర ఎవరిదో తడిమి చెప్పేది. ఎందుకంటే బాలింత తరఫు పెద్దవాళ్ళు తప్పకుండా అడుగుతారు, ఇది ఎవలదని. పేరు చెబితే సరిపోదు, ఎట్లాంటి మనిషో కూడా చెప్పాలి. ఖాలా ఒక్క మాటే చెప్పేది.

చేపలమ్మే ముసలమ్మ చీర గురించి, "ఏ ఇంట్ల పీనుగ లేసినా ముందుగాల ఈమెనే అన్నం వండి తెచ్చేది" అంది. అడవి కాపలా కాసే ఒక జంగలాత్ జవాను లుంగీ గురించి, "కట్టెల మోపులతోని ఆడోళ్ళు ఎదురువడితే ఈయన అటు మొకం తిప్పుకొని పిట్టలను జూసేటోడు" అంది. పొద్దున్నే తాగే ఆయన పోయాక అతని ధోవతి వచ్చింది. అతని గురించి ఏం చెబుతుందా అని నేను చెవులు నిక్కించి కూర్చున్నాను. "తాగేటోడు. గని ఇంటికచ్చి లొల్లి చెయ్యలే. గోడకు చెప్పుకొని పండుకునేటోడు" అంది. బాలింత తల్లి తృప్తిగా తీసుకుంది. ఇలాంటి మాటల్లో కొన్ని అబద్ధాలని వీధిలో అందరికీ తెలుసు. ఎవరూ కాదనేవాళ్ళు కారు.

అప్పుడు మొదలైంది నా అసలు బాధ. నా బట్ట ఒకటి బొంతలోకి పోవాలి. నా గురించి ఖాలా ఒక్క మాట చెప్పాలి, అది నేను వినాలి. బతుకు అర్థం ఏమిటన్న పెద్ద ప్రశ్న చివరికి ఈ చిన్న ఆశగా మిగిలింది. ఏ శిబిరంలోనూ ఇంత గట్టిగా దేన్నీ కోరుకోలేదు. రాత్రి పడుకుని ఆ మాట ఎలా ఉంటుందో ఊహించుకునేవాణ్ణి. అడవిల పిల్లలకు చదువు చెప్పిండు. దేవుని ధ్యాసల ఉంటడు. ఈ రెండోది ఆమె అనదని తెలిసినా ఊహించుకోవడానికి ఖర్చేముంది.

ఆశ్రమం లాల్చీనే తీసుకెళ్ళాను. ఇంతకంటే పవిత్రమైన బట్ట ఇంట్లో లేదు. ఖాలా చెంపకు రుద్దుకుంది. కళ్ళు మూసుకుంది.

"నడువది. గట్టిగుంది."

ఇంటికొచ్చి ఆ మాట మీద చాలా మథనపడ్డాను. గట్టిగుంది. నాలో అహం ఇంకా కరగలేదని, మనసు మెత్తబడలేదని ఆమె ఎంత సూటిగా చెప్పింది! మా ధ్యాన మిత్రులకు ఫోన్లు చేసి ఈ సంగతి చెప్పాను. ఒకాయన అవతల గద్గదమయ్యాడు. రెండు రోజులు పోయాక ఖాలా మా ఆవిడ కనబడితే, "మీ గురూజీ బట్టలకు జర గంజి తక్కువ పెట్టుమను" అందట. మిత్రులకు మళ్ళీ ఫోన్ చేయలేదు.

అయినా ఓడిపోలేదు. లాల్చీని మెత్తబరచాలని నిర్ణయించాను. బట్ట మెత్తబడాలంటే వాడాలి, ఉతకాలి, ఎండాలి, మళ్ళీ వాడాలి. దాన్నే రోజూ తొడిగాను. ఒడ్డున కదలకుండా కూర్చుంటే బట్ట అరగదని రెండు రోజుల్లో తెలిసిపోయింది. పని చేస్తేనే అరుగుతుంది. నల్లా రాని రోజు బోరింగు నుంచి నీళ్ళు మోశాను. వానాకాలం మా ఇంటి ముందు మోరీ తోడాను, పనిలో పనిగా పక్కింటిదీ తోడాను, బట్ట తొందరగా అరుగుతుందని. అంగడి నుంచి పక్కవీధి ముసలాయన బియ్యం సంచి భుజాన వేసుకొచ్చాను. ఆయన దండం పెట్టబోతే, ఇది మీ కోసం కాదు, లాల్చీ కోసమని చెబుదామనుకుని ఊరుకున్నాను. సాయంత్రం నేనే బండ మీద వేసి బాదేవాణ్ణి. పెళ్ళయినప్పటి నుంచి రుమాలు కూడా ఉతకని మనిషి బట్టలుతుకుతుంటే మా ఆవిడ గుమ్మంలో కూర్చుని చూసేది, సినిమా చూసినట్టు. ధ్యానానికి పోవడం తగ్గింది. ఆ సంగతి నాకు గుర్తు రాలేదు.

మోచేతులు చిరిగాయి. పసుపు మరకలు, బురద మరకలు పడ్డాయి. తెలుపు పోయి ఏ రంగో చెప్పలేని రంగొచ్చింది. మళ్ళీ తీసుకెళ్ళాను. ఖాలా చెంపకు రుద్దుకుంది. ఈసారి చాలాసేపు రుద్దుకుంది.

"నడుస్తది," అంది. కత్తెర తీసుకుని కాలరు కత్తిరించి నా ఒళ్ళో పడేసింది. "ఇది తప్ప. ఇది ఇంక గట్టిగనే ఉంది."

ఆ కాలరులో అర్థాలు వెతకలేదు. కొంచెం తెలివొచ్చింది.

ఆ బొంత జింగనూర్ ఆడపిల్ల ఒకామె బిడ్డ కోసం. వాగులు పొంగి దారి తెగకముందే కాన్పు కోసం ఆమెను సిరొంచ దవాఖానకు తెచ్చారు. ఆడబిడ్డ పుట్టింది. ఖాలా నన్ను తోడు రమ్మంది. నా మోచెయ్యి పట్టుకుని, బురదలో అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది. చెప్పలేదు కాని ఆ రోజు నేను మంచి బట్టలు వేసుకున్నాను. బహుమతి అందుకోబోయే వాడిలా తల దువ్వుకున్నాను.

వార్డులో బొంత విప్పగానే నా బట్ట కోసం వెతికాను. ఎక్కడా లేదు. పైన అంతా ఒక ఆకుపచ్చ చీర. బాలింత తల్లి దాన్ని తడిమి, ఇది ఎవలదని అడిగింది.

"గీ గురూజీ ఇంటామెది," అంది ఖాలా. "ఈమె బట్ట నేను అడగకుంటనే వస్తది."

ఆ చీర మా ఇంటి తీగ మీద ఆరడం ఏళ్ళ తరబడి చూశాను. అది కనబడకుండా పోయిందని గమనించలేదు. ఆత్మను గమనించే పనిలో ఉన్నాను మరి. మా ఆవిడ చీరలు అంతకుముందు ఎన్ని బొంతల్లోకి పోయాయో నేనెప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

"లోపల్ది?" అంది ముసలమ్మ.

"లోపల్ది గీ గురూజీదే."

ముసలమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఖాలా తంబాకును ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చింది. నేను గోడ మీద టీకాల బొమ్మను శ్రద్ధగా చూస్తున్నట్టు నిలబడ్డాను. గుండె మాత్రం చదువుకునే రోజుల్లో రిజల్టు రోజు కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది.

"పిలిస్తే ఆగుతడు," అంది ఖాలా.

అంతే. ముసలమ్మ తలూపి మనవరాలిని బొంతలో చుట్టింది. ఆ పిల్ల వెంటనే తడిపేసింది. అందరూ నవ్వారు. నేను వరండాలోకి వచ్చేశాను, ఎందుకంటే నాకు నవ్వు రాలేదు. చదువు చెప్పాడన్నా బాగుండేది, అది కనీసం నిజం. పిలిచినన్నాళ్ళూ ఆగలేదు, పిలవడం మానేశాక ఆగాను. ఆ మాట మోయలేక మోశాను తిరిగొచ్చే దారి సగం దాకా. తర్వాత ఉండబట్టలేక అడిగాను.

"గట్లెందుకన్నవ్ ఖాలా? నువ్వు పిలిచినప్పుడు నేనెన్నడు ఆగిన?"

ఆమె నా మోచెయ్యి వదలకుండా, ముందున్న నీళ్ళగుంటను కాలితో వెతుక్కుంటూ అంది. "ఇంక బతికే ఉన్నవ్ గదా."

ఈమధ్య నేను ఎవరు పిలిచినా ఆగుతున్నాను. దీనివల్ల చాలా ఇబ్బందిగా ఉంది. మొన్న అహేరి బస్సు కదులుతుంటే వెనక నుంచి ఎవరో పిలిచారని ఆగాను. పిలిచింది నన్ను కాదు, ఇంకో గురూజీని. బస్సు పోయింది. ఇంటికొస్తే మా ఆవిడ ఏమైందని అడిగింది. చెబితే నవ్వి అన్నం పెట్టింది. ఖాలా నా గురించి దవాఖానలో అన్న మాట మాత్రం ఆమెకు చెప్పలేదు. అది అబద్ధమని తెలిసిన వాళ్ళం ఖాలా, నేను ఇద్దరమే ఉండేవాళ్ళం, ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. జింగనూర్‌లో ఆ పిల్ల పాకుతోందట. ఆమెకు మాత్రం అది నిజమనే చెప్పి ఉంచారు.